అమ్మ ముఖం సగంలో ఆగిపోతే...

మొన్న గుంటూరు వైపు నుంచి ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. వంట గురించి కాదు, పిల్లల చదువు గురించీ కాదు. కంప్యూటర్‌లో వినాయకుడి విగ్రహం చెక్కడం మొదలుపెట్టిందట. తల, తొండం, బొజ్జ బాగానే వచ్చాయట. చేతుల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. నాలుగు చేతులు, ఇరవై వేళ్ళు! ఏ వేలూ వేలులా లేదట. "ఆరు నెలలైంది అక్కా. ఆయన 'ఏమైంది నీ వినాయకుడు?' అని అడిగినప్పుడల్లా ఒళ్ళు మండుతోంది. ఆ బొమ్మ కంటపడుతుందని కరెంటు బిల్లు కట్టడానికి కూడా కంప్యూటర్ తెరవబుద్ధి కావడం లేదు. పూర్తి చెయ్యాలని ఉంది, మనసు మాత్రం రావడం లేదు" అని రాసింది.

ఈ ఉత్తరానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోలేకపోయాను. ఎందుకో కింద మీకే తెలుస్తుంది.

కంప్యూటర్‌లో చెక్కడమేమిటి అనుకునేవారికి ముందు ఓ మాట. తెర మీద గుండ్రటి ముద్ద ఒకటి ఇస్తుంది, అచ్చం పూరీలకు చేసుకున్న పిండి ఉండలాగా. దాన్ని మౌసుతో పట్టి లాగితే సాగుతుంది. ఇంకో పనిముట్టు తీసుకుంటే మట్టి పూసినట్టు పొరలు పొరలుగా ఎక్కుతుంది. మరో మీట నొక్కి పట్టుకుని రుద్దితే తడి వేలితో నిమిరినట్టు నున్నగా అవుతుంది. ముద్దను అటూ ఇటూ తిప్పి వెనక నుంచీ, కింద నుంచీ కూడా చూసుకోవచ్చు. చేతికి మట్టి అంటదు, నేల పాడవదు, తుడుచుకునే పని లేదు. మౌసుతో సరిపోతుంది గానీ, పెన్నులాంటిది ఉండే పలక కొనుక్కుంటే చేతికి ఇంకా సుఖం. ఇప్పుడు ఫోన్లలో, ట్యాబుల్లో కూడా ఈ పని చేసుకునే నోమాడ్ స్కల్ప్ట్‌లాంటివి వచ్చాయి.

నేను వాడేది బ్లెండర్. పైసా కట్టనక్కర్లేదు. మా అమ్మాయి తన పాత లాప్‌టాప్‌లో వేసి ఇచ్చింది. దీని కథ కూడా ఆగిపోయి మళ్ళీ లేచిన కథే. నెదర్లాండ్స్‌కి చెందిన టన్ రోజెన్‌డాల్ అనే ఆయన దీన్ని తయారు చేశారు. దీన్ని అమ్మే కంపెనీ 2002లో మూతపడింది. ఇక ఇంతేనని అందరూ వదిలేసుకోవాల్సిన సమయంలో, లక్ష యూరోలు ఇస్తే హక్కులు వదులుకుంటామన్నారు డబ్బు పెట్టినవాళ్ళు. ఆయన జనాన్ని అడిగారు. తలా కొంచెం వేసుకుంటే ఏడు వారాల్లో లక్ష యూరోలూ పోగయ్యాయి. అప్పట్నుంచీ అది అందరిదీ అయింది. అందుకే ఇవాళ నాలాంటి ఇంటర్ చదివిన ఇల్లాలు కూడా మధ్యాహ్నం గిన్నెలు సర్దుకున్నాక దాని ముందు కూర్చోగలుగుతోంది.

సరే, ఆగిపోవడం సంగతి.

మన ఇళ్ళలో సగం పనులకేం కొదవ! సగం అల్లిన స్వెట్టరు ఒకటి, పువ్వు కుట్టి ఆకు కుట్టని దిండు గలీబు ఒకటి బీరువాలో ఉండే ఉంటాయి. కానీ వాటికో సుగుణం ఉంది. అవి కనిపిస్తాయి. బీరువా తెరిచినప్పుడల్లా మన మీద పడతాయి. పక్కింటావిడ చూసి "ఇదింకా అవలేదా?" అంటుంది. కంప్యూటర్‌లో బొమ్మ అలా కాదు. మూత వేస్తే అయిపోయింది. దుమ్ము పట్టదు, చోటు ఆక్రమించదు. ఏళ్ళ తరబడి లోపల పడుకుని ఉంటుంది, ఒక్క మన మనసులో తప్ప.

ఇంకొకటి కూడా ఉంది. ఆవకాయ ఎందుకు ఏటా పూర్తవుతుంది చెప్పండి? కాయలు ఆగవు గనుక. కొట్టిన ముక్కను రేపటికని వదిలేస్తే పనికి రాదు. నిజం మట్టితో బొమ్మ చేసేవాళ్ళకూ అంతే, తడిగుడ్డ కప్పి ఎన్నాళ్ళు కాపాడతారు? మట్టి ఎండిపోతుంది, అందుకని ఏదో ఒకటి తేల్చెయ్యాలి. కంప్యూటర్ మట్టి మాత్రం ఎన్నేళ్ళయినా ఎండదు. పైగా చేసిందల్లా వెనక్కి తీసుకోవచ్చు. ముక్కు పెంచి, తగ్గించి, మళ్ళీ పెంచి... తిరగమోత మాడితే మాడిందే అని తెలిసినవాళ్ళం మనం, మనకు ఈ సౌకర్యం ఎంత ముద్దుగా ఉంటుందో! ఆ ముద్దే కొంప ముంచుతుంది. ఎండని మట్టి, తిరిగి వెనక్కి వచ్చే చెయ్యి, ఈ రెండూ ఉన్నచోట పని ముగియడానికి కారణమే ఉండదు.

మూడోది అందరికీ తెలిసిందే అయినా చెబుతాను. పండక్కి ఇల్లు దులిపే రోజు మధ్యాహ్నం గుర్తు తెచ్చుకోండి. అటక మీదివన్నీ కిందికి దిగి ఉంటాయి, మంచాలు నిలబెట్టి ఉంటాయి. మొదలుపెట్టక ముందే నయం అనిపిస్తుంది. బొమ్మలోనూ ఆ మధ్యాహ్నం వస్తుంది. మొదటి రోజు ముద్ద తలకాయ అయ్యేసరికి ఎంత సంబరమో! నాలుగో రోజుకి అది తలకాయే గానీ మనిషి కాదు, దయ్యంలా ఉంటుంది. ఇల్లు దులిపే రోజైతే రాత్రికి పడుకోవాలి గనుక సర్దేస్తాం. కంప్యూటర్ మూసేసి హాయిగా పడుకోవచ్చు. చాలా బొమ్మలు ఆ మధ్యాహ్నం దగ్గరే ఆగిపోతాయి. ఆ చెల్లెలి వినాయకుడు కూడా అక్కడే ఆగాడని నా అనుమానం.

ఇక నా సంగతి. నేను చెక్కడం మొదలుపెట్టింది మా అమ్మ ముఖం. అమ్మ పోయి మూడేళ్ళు దాటింది. ఇంట్లో దండ వేసిన ఫోటో ఉంది. అది ఏదో సర్టిఫికెట్టు కోసం తీయించింది. అందులో అమ్మ బిగుసుకుపోయి ఉంటుంది, మా అమ్మాయి చిన్నప్పుడు దాన్ని చూసి "అమ్మమ్మ కోపంగా ఉంది" అనేది. అమ్మ ఎవరి మీదా కోపపడి నేను చూసింది తక్కువ. మనవలకి ఆ ముఖమే మిగులుతుందా అని నాకు దిగులు. అందుకని మొదలుపెట్టాను.

నుదురు వచ్చింది, ముక్కు వచ్చింది, చెవులకు దుద్దులు కూడా వచ్చాయి. నోరు రాలేదు. ఎలా దిద్దినా ఎవరో పెద్దావిడ అవుతోంది గానీ అమ్మ కావడం లేదు. ఒక రోజు మూత వేశాను. పది నెలలు తియ్యలేదు. అక్కడ బద్ధకం ఏమీ లేదండీ. అమ్మ ముఖాన్ని అమ్మ కాకుండా చూడ్డం నా వల్ల కాలేదు, అంతే. అందుకే చెల్లెలి ఉత్తరంలో "కంటపడుతుందని" అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను.

మళ్ళీ ఎలా మొదలైందంటే, పూర్తి చేద్దామని కూర్చుంటే మాత్రం కాదు. ఆ పట్టుదలలూ శపథాలూ నాకు నమ్మకం లేదు. ఉగాదికి చేసే శపథాలు శ్రీరామనవమి పానకం దాకా ఉంటే గొప్ప! నేను చేసిందల్లా ఫైలు తెరిచి, దానికి కొత్త పేరు పెట్టి ఇంకో ప్రతి దాచుకోవడం. పాతది పాతదిగానే ఉంది. దీన్ని పాడు చేసినా అమ్మ ముఖం ఎక్కడికీ పోదు. ఆ ధైర్యం చాలా పెద్దది. ఇది మీరూ తప్పకుండా చెయ్యండి. రోజూ పని అయ్యాక అంకె మార్చి వేరేగా దాచుకోవాలి. అమ్మ1, అమ్మ2, అమ్మ3... నాకు ముప్ఫై ఒకటి దాకా వచ్చాయి. వెనక్కి తిరిగి మొదటిదీ పదోదీ పక్కపక్కన పెట్టి చూస్తే, పని జరగడం లేదనుకున్న రోజుల్లో కూడా ఎంతో జరిగిందని తెలుస్తుంది.

మొదటి రోజు నేను చెయ్యి పెట్టలేదు. తిప్పి చూసి మూసేశాను. రెండో రోజు జుట్టు ముడి ఒక్కటే దిద్దాను, కష్టం లేని చోటు గనుక. రోజుకి ఇరవై నిమిషాలు. వంటింటి గడియారానికి అలారం పెట్టుకుని, అది మోగగానే బాగా వస్తున్నా సరే లేచిపోయేదాన్ని. బాగా వస్తున్నప్పుడు లేస్తే మర్నాడు కూర్చోవాలనిపిస్తుంది. విసిగిపోయే దాకా కూర్చుంటే మర్నాడు అటు చూడబుద్ధి కాదు. అన్నం కొద్దిగా ఆకలుండగానే ముగించమని మా అమ్మమ్మ చెప్పేది, ఆ లెక్కే.

యంత్రం సంగతి కూడా చూసుకోవాలి. బొమ్మలో చుక్కలు లక్షల్లోకి పోతే పాత లాప్‌టాప్ మెల్లగా నడుస్తుంది. మౌసు కదిపాక రెండు క్షణాలకి ముద్ద కదులుతుంది. అలాంటప్పుడు మనసు రావడం లేదని మనల్ని మనం తిట్టుకుంటాం గానీ, పాపం అది మనసు తప్పు కాదు. బ్లెండర్‌లో రీమెష్ అని ఉంది. దాంతో బొమ్మను కాస్త ముతకగా చేసుకోవచ్చు. సన్నటి ముడతలు, నగల నగిషీలు పోతాయి. పోనివ్వండి! ఒంటి ఆకారం కుదరక ముందే నగలు పెట్టడం చాలామంది చేసే పని. పెళ్ళికూతురికి తలంటకుండా జడ వేసినట్టుంటుంది. ముందు పెద్ద ఆకారం, తరవాత మధ్యవి, చివర్లో చిన్నవి. ఆ వరస తప్పితే ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు.

నా అసలు చిక్కు వేరే ఉంది. అమ్మ పక్క ముఖం చూపించే ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదు. మీ ఇంటి ఆల్బం తీసి చూడండి, మన అమ్మలందరూ ఎదురుగానే నిలబడి ఉంటారు. చేతులు కట్టుకుని, కొంగు సర్దుకుని, వరసలో. మనిషి ముఖం చెక్కాలంటే ఎదురు చూపు ఎంత ముఖ్యమో పక్క చూపు అంత ముఖ్యం. పెదవి ఎంత ముందుకు వచ్చిందో, గడ్డం ఎంత వెనక్కి ఉందో ఎదురు ఫోటోలో తెలియదు. పది నెలలు నన్ను ఆపింది మనసు లేకపోవడం అనుకున్నాను, నిజానికి చాలా భాగం సమాచారం లేకపోవడం! ఈ రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి సుమా. మీ పని ఆగిపోతే ముందు మనసును కాదు, ఏ వస్తువు లేదో చూసుకోండి.

మా తమ్ముడి పెళ్ళి 1994లో అయింది. ఆ వీడియో క్యాసెట్టును తరవాత సీడీ చేయించి పెట్టాడు. రెండున్నర గంటల పెళ్ళి మళ్ళీ చూశాను. భోజనాల దగ్గర అమ్మ వంగి బూరెలు వడ్డిస్తూ పక్కకి తిరిగి ఎవరితోనో ఏదో అని నవ్వింది. నాలుగంటే నాలుగు క్షణాలు. అక్కడ ఆపాను. పైపెదవి నేను అనుకున్నదాని కంటే ముందుకి ఉంది, గడ్డం కింద చిన్న మడత ఉంది. ఆ రోజు ఇరవై నిమిషాల అలారం మోగినా నేను లేవలేదు.

అన్నట్టు, ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళున్నవారు ఒక పని చెయ్యండి. ఎదురుగా ఒకటి, రెండు పక్కల నుంచి రెండు, నవ్వుతుండగా ఒకటి ఫోటోలు తీసి ఉంచుకోండి. ఫోన్ ముఖం దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు చిన్నవిగా వస్తాయి. నాలుగడుగులు వెనక్కి జరిగి తీయండి. బొమ్మ చెక్కకపోయినా అవి ఉంటాయి.

పక్క ముఖం కుదిరాక కూడా బొమ్మలో జీవం లేదు. మా పిన్నికి చూపించాను. అమ్మ చెల్లెలు, డెబ్భై దాటింది. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "అక్కే గానీ, అక్క ఇంత సమంగా నవ్వదే. ఎడం పక్క పెదవి ముందు లేస్తుంది. మా నాన్నకీ అంతే" అంది. నలభై ఏళ్ళు చూసిన ముఖం, నాకు ఆ మాట వినగానే కళ్ళ ముందు ఆడింది.

ఇక్కడ కంప్యూటర్ రహస్యం ఒకటుంది. చెక్కేటప్పుడు ఒక పక్క చేసింది రెండో పక్క తనంతట తనే వచ్చేలా అద్దం అమరిక పెట్టుకుంటాం. సగం శ్రమ తప్పుతుంది. కానీ నిజం ముఖాలు అలా ఉండవు. ఏ మనిషికైనా ఒక కనుబొమ చూడండి, రెండోదాని కంటే కాస్త పైకే ఉంటుంది. చివర్లో ఆ అమరిక తీసేసి ఒక్కో పక్కా విడిగా దిద్దాలి. తీసేశాను. ఎడమ పక్క పెదవి చివర కొద్దిగా, ఆవగింజంత, పైకి లాగాను. కన్ను కింద బుగ్గ దానికి తగ్గట్టు కొంచెం. అంతే. మా అమ్మాయి వెనక నుంచి వచ్చి చూసి ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి వాళ్ళ నాన్నని పిలుచుకొచ్చింది.

పెద్ద పెద్దవాళ్ళకీ ఈ అవస్థ తప్పలేదు లెండి. 2012లో వచ్చిన ఈగ సినిమా మనందరం చూశాం. ఆ ఈగను హైదరాబాదులోని మకుట అనే సంస్థవాళ్ళు కంప్యూటర్‌లోనే తయారు చేశారు. మొదట వచ్చిన ఈగ రాజమౌళి గారికి నచ్చలేదు, ఒక దశలో సినిమానే వదిలేద్దామనుకున్నారు. అప్పటికే బోలెడు డబ్బు ఖర్చయింది గనుక మళ్ళీ మొదలుపెట్టారు. ఎక్కణ్ణుంచి అనుకున్నారు? నిజం ఈగ దగ్గర నుంచి! ఈగను సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే కాసేపు మత్తుగా పడి ఉంటుంది. అప్పుడు దగ్గరగా ఫోటోలు తీసి పరిశీలించారు. ఈగ ముఖంలో చాలా భాగం కళ్ళే గనుక ముఖంలో భావాలు పలకవు, అందుకని కాళ్ళతో, ఒంటితో పలికించారు. వాళ్ళకీ మళ్ళీ దారి దొరికింది అసలు వస్తువును దగ్గరగా చూసినప్పుడే. (ఫ్రిజ్‌లో ఈగ అంటే మనకు కడుపులో తిప్పుతుంది, అది వేరే సంగతి.)

అన్నీ పూర్తి చెయ్యాలా అంటే, నేనైతే అక్కర్లేదంటాను. నేర్చుకోవడానికి మొదలుపెట్టిన బొమ్మ నేర్పాల్సింది నేర్పేస్తే దాని పని అయిపోయినట్టే. దాన్ని నిశ్చింతగా పక్కన పెట్టెయ్యండి. లేపాక్షిలో కల్యాణ మండపం పదహారో శతాబ్దం నుంచీ పైకప్పు లేకుండా స్తంభాలతో అలాగే నిలబడి ఉంది. విరూపణ్ణ కథ, ఆ గోడ మీద రెండు మరకలు గైడు చూపిస్తాడు. ఆ పక్కనే లతా మండపం స్తంభాల మీది నగిషీలు చీరల అంచులకెక్కాయి. సగంలో ఆగిందని ఎవరూ అక్కడికి వెళ్ళడం మానలేదు. కానీ తలుచుకున్నప్పుడల్లా గుండెలో కలుక్కుమనేది ఉంటే అది వదిలేసేది కాదు. మీ వాటిలో ఏది ఏదో మీకే తెలుస్తుంది, నన్నడగక్కర్లేదు.

ఇప్పుడు గుంటూరు చెల్లెలికి. ఇరవై వేళ్ళూ ఒక్కసారి ఎందుకమ్మా? ముందు చేతిని వేళ్ళు లేని తొడుగులా చెయ్యి, బొటనవేలు ఒక్కటే విడిగా. ఒక చెయ్యి చేసుకుంటే మిగతా వాటికి దాన్నే ప్రతి తీసి తిప్పి పెట్టుకోవచ్చు. ఒక చేతిలో ఉండ్రాళ్ళు పెడితే వేళ్ళు సగం దాని వెనక్కి పోతాయి, ఇంకో చేతిలో పాశం పెడితే గుప్పిట చాలు. నీ చేతిలో నిజంగా ఒక ఉండ్రం పట్టుకుని అద్దంలో చూసుకో. అప్పటికీ రాకపోతే నడుం దాకా చేసి పీఠం మీద పెట్టెయ్యి, వినాయకుడు ఏమీ అనుకోడు. ఎండని మట్టికి మనమే ఎండ పెట్టాలి గనుక చవితికి నెల రోజుల ముందు తేదీ ఒకటి రాసి వంటింటి క్యాలెండర్ మీద గుండ్రంగా గీసుకో. నెల ఎందుకంటే ముద్రణ పని మిగిలి ఉంటుంది. మీ ఆయనకి "ఏమైంది" అని అడగవద్దని, చూసినప్పుడు ఏది బాగుందో ఒక్కటి మాత్రం చెప్పమని చెప్పు. మా ఇంట్లో ఈ ఒప్పందం బాగా పనిచేసింది.

ముద్రణంటే త్రీడీ ప్రింటింగ్. ఇప్పుడు పెద్ద ఊళ్ళలో చేసేవాళ్ళున్నారు, ఫైలు పంపితే బొమ్మ పార్సిల్ చేసేవాళ్ళూ ఉన్నారు. ఇచ్చేముందు బొమ్మ ఉపరితలంలో ఎక్కడా కన్నాలు లేకుండా చూసుకోవాలి. చెవి అంచు, ముక్కుపుడక, తొండం చివర లాంటివి మరీ సన్నగా ఉంటే విరుగుతాయి, కాస్త మందం ఇవ్వాలి. లోపల డొల్లగా చేయిస్తే ఖర్చు, బరువు రెండూ తగ్గుతాయి. ముందు జానెడు కూడా లేని చిన్న బొమ్మ తీయించి చూసుకుని తరవాత పెద్దదానికి వెళ్ళండి. గరుకు కాగితంతో రుద్ది యాక్రిలిక్ రంగులు వేసుకోవచ్చు.

మామూలుగా వాడే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ అరవై డిగ్రీల వేడికే మెత్తబడుతుంది. అందుకని దేవుడి గూట్లో పెట్టేవాళ్ళు దీపానికి బాగా దూరంగా పెట్టండి, స్టవ్ పక్కన, ఎండ పడే కిటికీలో అసలు వద్దు. మా అమ్మ బొమ్మను నేను హాల్లో, టీవీ పక్క అలమరలో పెట్టాను.

వచ్చే వారం చింతకాయ పచ్చడి. ఊట రాకుండా నిలవ ఉండాలంటే ఏం చెయ్యాలో అడుగుతూ చాలా ఉత్తరాలు వచ్చాయి, అన్నిటికీ కలిపి చెబుతాను.